అయియా నాపా వెళ్లినవారు గీత దాటి వరోషాను చూడటం సబబేనా?

బర్మింగ్‌హామ్ బాటసారి

అందరికీ నమస్కారం. మే నెల ఆఖరి వారంలో మా కుటుంబం సైప్రస్ దీవిలోని అయియా నాపాలో అయిదు రోజులు ఉండబోతోంది. నేనూ, నా భార్యా, ఇద్దరు పిల్లలూ, రాజమండ్రి నుంచి మా దగ్గరకు వచ్చిన అమ్మా కలిసి వెళుతున్నాం. నిస్సీ తీరంలో లోతులేని నీళ్లలో నడుచుకుంటూ ఎదురుగా కనిపించే చిన్న లంక దాకా వెళ్లవచ్చని విన్నప్పటి నుంచి పిల్లలు ఇంట్లో నిలవడం లేదు కనుక రెండు రోజులు వాళ్లకే వదిలేశాను. ఒక రోజు కేప్ గ్రెకో కొండలకూ సముద్రపు గుహలకూ పోతుంది. మిగిలిన వాటిలో ఒక రోజు దెరీనియా దగ్గర, గ్రీకు సైప్రస్ వారి దక్షిణ భాగాన్నీ తుర్కు సైప్రస్ వారి ఉత్తర భాగాన్నీ విడదీసే సరిహద్దు గీత దాటి, ఉత్తర భాగంలో ఉన్న ఫమగుస్తా కోట నగరాన్నీ, దాని పక్కనే 1974 నుంచి జనం లేకుండా పడి ఉన్న వరోషా అనే దయ్యాల నగరాన్నీ చూడాలని నా కోరిక. ఈ సంగతి నాతో పనిచేసే గ్రీకు సైప్రస్ మిత్రుడితో అంటే, అతను "అక్కడికి మాత్రం వెళ్లకు" అని ఒక్క ముక్క చెప్పి లేచి వెళ్లిపోయాడు. కారణం అడిగేంత చనువు మా మధ్య లేదు. వెళ్లి వచ్చినవారు ఎవరైనా ఉంటే, వెళ్లడం సబబేనా అన్నది చెప్పగలరు.

లార్నకా వాసి

నేను తొమ్మిదేళ్లుగా ఈ దీవిలో ఉంటున్నాను, వరోషాకు నాలుగు సార్లు వెళ్లాను, మీరూ తప్పకుండా వెళ్లండి. అయియా నాపా నుంచి దెరీనియా దాదాపు పది కిలోమీటర్లు. అక్కడి దారి 2018 నవంబరులో తెరిచారు. నడిచి వెళ్లవచ్చు, కారులోనూ వెళ్లవచ్చు. అయితే దక్షిణాన అద్దెకు తీసుకున్న కారు బీమా ఉత్తరాన చెల్లదు, సరిహద్దు దగ్గరే వేరే బీమా కొనాలి, అద్దెకు ఇచ్చినవాళ్లు అసలు ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోవాలి. మీ అమ్మగారిది భారత పాస్‌పోర్టు అయితే వీసా ఇచ్చిన కార్యాలయాన్ని ముందుగా లిఖితపూర్వకంగా అడగడం మంచిది.

ఇక అసలు విషయం. ఈ దీవిలో 1974 జులై 15న ఏథెన్సు సైనిక పాలకుల అండతో అధ్యక్షుడు మకారియోస్ మీద తిరుగుబాటు జరిగింది, అయిదు రోజులకు తుర్కియే సైన్యం ఉత్తర తీరంలో దిగింది, ఆగస్టు నడిమిలో రెండో విడత దాడితో ఫమగుస్తా దాకా వచ్చింది. వరోషాలో ఉన్న దాదాపు 39,000 మంది గ్రీకు సైప్రస్ ప్రజలు పొయ్యి మీది గిన్నె పొయ్యి మీదే వదిలి పారిపోయారు. వాళ్లలో చాలామంది నాలుగు రోజుల్లో తిరిగి వస్తామనుకున్నారు. ఆనాటికి దీవి మొత్తానికీ విహారకేంద్రం వరోషాయే. అయియా నాపా అన్నది ఒక పాత మఠం, దాని ముందు ఒక పెద్ద మేడిజాతి చెట్టు, కొన్ని చేపల పడవలు ఉన్న చిన్న ఊరు. వరోషా చేజారిన తరువాతే హోటళ్లూ, వ్యాపారమూ, పెట్టుబడీ ఈ ఒడ్డుకు చేరాయి. అంటే మీరు దిగబోయే హోటలు పునాది కూడా ఆ పారిపోవడంలోనే ఉంది. గీతకు ఇవతల ఈత కొట్టి, అవతల ఏముందో చూడకుండా వచ్చేయడం నాకైతే సగం భోజనం మధ్యలో లేవడంలాగే అనిపిస్తుంది.

చిట్టిగారె

మే నెలలో సముద్రపు నీళ్లు ఇంకా కొంచెం చల్లగానే ఉంటాయని పిల్లలకు ముందే చెప్పండి. మా వాడు కాలు పెట్టి వెనక్కు తీసి, ఆ రోజంతా నా మీద అలిగాడు.

నల్లమల నీడ

వెళ్లవద్దు అని చెప్పడానికే ఈ సమాధానం రాస్తున్నాను. వరోషాను దాని అసలు నివాసులకు తప్ప మరొకరికి నివాసంగా చేయజూడటం ఆమోదయోగ్యం కాదని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1984లో 550వ తీర్మానంలో స్పష్టంగా చెప్పింది, ఆ ప్రాంతాన్ని ఐక్యరాజ్యసమితి పాలనకు అప్పగించాలని కూడా అందులోనే ఉంది. 2020 అక్టోబరు 8న ఉత్తర భాగపు పాలకులు కొన్ని వీధులను సందర్శకులకు తెరిచింది ఆ తీర్మానాన్ని కాలరాచి. ఒక్క తుర్కియే తప్ప ప్రపంచంలో ఏ దేశమూ గుర్తించని పాలన అది. అలాంటి పాలన తెరిచిన గేటులోంచి నవ్వుతూ లోపలికి నడిచే ప్రతి సందర్శకుడూ ఆ గేటుకు ఒక ముద్ర వేసి వస్తున్నట్లే. చూడటానికి ఫమగుస్తాయే కావాలా? దెరీనియాలో పురపాలక సంఘం నడిపే సాంస్కృతిక కేంద్రం మేడ మీద బైనాక్యులర్లు ఉంటాయి, అక్కడి నుంచి వరోషా మేడలన్నీ వరుసగా కనిపిస్తాయి. అక్కడ నిలబడి చూసి, వెనక్కు వచ్చేయండి.

విశ్రాంత తహసీల్దారు

ప్రశ్న వేసిన మిత్రులు "దయ్యాల నగరం" అని రాశారు. ఇది పత్రికల ఇంగ్లీషును ఉన్నదున్నట్లు దించుకున్న మాట. జనం బ్రతికి ఉండగా, అదీ పది కిలోమీటర్ల దూరంలోనే బ్రతికి ఉండగా, వాళ్ల ఊరిని దయ్యాలకు అంటగట్టడం ఏ విధంగా న్యాయం? మన రెవెన్యూ దస్త్రాలలో జనావాసం లేని గ్రామానికి "బేచిరాక్" అనే మాట తరతరాలుగా ఉంది. చిరాగ్ అంటే దీపం, బేచిరాక్ అంటే దీపం లేని ఊరు. పొలాలు ఉంటాయి, సర్వే నంబర్లు ఉంటాయి, శిస్తు ఉంటుంది, దీపం పెట్టే ఇల్లు మాత్రం ఉండదు. వరోషాకు ఈ మాట అచ్చంగా సరిపోతుంది.

లార్నకా వాసి

నల్లమల గారూ, మీరు ఉదహరించిన తీర్మానాన్ని మీరే మరోసారి చదవండి. ఇతరులను అక్కడ కాపురం పెట్టించడాన్ని అది తప్పుపట్టింది, పగటిపూట నడిచి చూసి వచ్చేవాణ్ణి కాదు. నేను అక్కడ కాపురం పెట్టలేదు. డెమోక్రసీ వీధిలోనూ, సముద్రం పక్కన ఉన్న కెన్నెడీ వీధిలోనూ నడిచాను. తెరిచినవి కొన్ని వీధులు మాత్రమే, ఇరుపక్కలా తాళ్లు కట్టి, భవనాల్లోకి వెళ్లరాదని పలకలు పెట్టారు. బాల్కనీ ఇనుము తుప్పుపట్టి కిందికి వంగి, దుకాణాల మీది గ్రీకు అక్షరాలు ఒక్కొక్కటే రాలి, గచ్చులోంచి చెట్లు పైకి లేచి ఉన్నాయి. అది చూసిన తరువాతే నాకు ఈ దీవి రాజకీయం కాస్తయినా అర్థమయింది. బైనాక్యులర్లలోంచి చూస్తే మేడలు కనిపిస్తాయి, అంతే.

నల్లమల నీడ

ముందు సందర్శకుడు వస్తాడు, అతని వెనుక సైకిళ్లు అద్దెకిచ్చేవాడు వస్తాడు, అతని వెనుక చల్లని పానీయాలవాడు వస్తాడు, ఆ తరువాత హోటలు వస్తుంది. మొదటివాడిని వదిలేసి చివరివాడిని మాత్రమే తప్పుపట్టమంటే కుదరదు. మీరు నాలుగు సార్లు వెళ్లానని గర్వంగా చెప్పుకుంటున్నారు. మొదటిసారి అర్థం చేసుకోవడానికి వెళ్లారని నమ్ముతాను. మిగిలిన మూడు సార్లు దేనికి?

విశ్రాంత తహసీల్దారు

భూమి ఎవరిదన్న ప్రశ్న కూడా ఇంత తేలిక కాదని మనవి. ఉత్తరాన ఉన్న ఎవ్‌కాఫ్ సంస్థ, అంటే మన వక్ఫ్ బోర్డు వంటిది, వరోషా భూములు ఆటోమన్ కాలం నుంచీ వక్ఫ్‌వేననీ, వలస పాలనలో బ్రిటిషువారు వాటిని అక్రమంగా ఇతరుల పేరున బదలాయించారనీ వాదిస్తోంది. గ్రీకు సైప్రస్ పక్షం ఆ వాదనను ఒప్పుకోదు. పట్టా ఒకరి చేతిలో, అనుభవం ఇంకొకరి చేతిలో, దావా మూడోవారిది అయిన భూములను ముప్పై ఏళ్లు చూసినవాణ్ణి కనుక ఇది చెబుతున్నాను. నా మాటకు ఎవరూ సమాధానం ఇవ్వలేదు: "దయ్యాల నగరం" అన్న మాట తొలగిస్తారా, లేదా?

బర్మింగ్‌హామ్ బాటసారి

తొలగించానని అనుకోండి, పెద్దాయనా. శీర్షికలో ఎలాగూ లేదు.

పరలిమ్ని పద్మ

మీ అమ్మగారు వస్తున్నారు కదా, ఆవిడకు ఒక మాట చెప్పండి. అయియా నాపా పక్కనే సొతీరా అనే ఊరు ఉంది, అక్కడి ఎర్రనేలలో మన చేమదుంపలే పండుతాయి. వాళ్లు కొలొకాసి అంటారు. దుంప ఒక్కొక్కటి మూరెడు ఉంటుంది. నేను మొదటి రోజు మన అలవాటు ప్రకారం చెక్కు తీసి, కడిగి, గుండ్రంగా చక్రాలు తరిగితే ఇంటావిడ నెత్తి కొట్టుకున్నారు. తడి తగిలితే జిగురు వస్తుందని చెక్కు తీశాక నీళ్లు తగలనివ్వరు, గుడ్డతో తుడుస్తారు, కత్తిని కొంచెం దింపి మెలిపెట్టి ముక్కను విరుస్తారు. టక్కుమని చప్పుడు రావాలి. తరువాత సెలరీ, టమాటా, నిమ్మరసంతో ఉడికిస్తారు. చాలామంది పందిమాంసంతో వండుతారు, శాకాహారులైతే అది లేకుండా అడిగి తీసుకోవాలి. చింతపండు తప్ప అంతా మన పులుసే. నేను పరలిమ్నిలో ఆరేళ్లు ఒక ముసలావిడను చూసుకున్నాను.

కూచిపూడి కుర్రాడు

ఆర్థడాక్స్ ఈస్టరు తరువాత యాభైవ రోజున కతక్లిస్మొస్ పండుగ వస్తుంది, లెక్క చూసుకోండి, మీరు వెళ్లే వారానికి దగ్గరగా పడవచ్చు. సముద్రతీరపు ఊళ్లన్నిటిలో ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకుంటారు, వేదిక మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి అప్పటికప్పుడు పద్యాలు కట్టి ఎదుటివాణ్ణి ఎత్తిపొడుస్తారు. త్సియత్తిస్త అంటారు, యునెస్కో జాబితాలో కూడా ఉంది. ఇక్కడ జరుగుతున్న వాదం కూడా పద్యాల్లో సాగితే ఇంకా బాగుండేది.

లార్నకా వాసి

నల్లమల గారు మూడు సార్లు దేనికని అడిగారు. ఊరి నుంచి చుట్టాలు వచ్చిన ప్రతిసారీ తీసుకువెళ్లాను. వాళ్లలో ఒక్కరూ కూల్‌డ్రింకు తాగి నవ్వుతూ తిరిగి రాలేదు. మా మామయ్య సరిహద్దు దాటాక గంటసేపు మాట్లాడలేదు. ఇంతకూ నేనొకటి అడుగుతాను: మీరు ఈ దీవిలో ఎప్పుడైనా అడుగుపెట్టారా? లేక తీర్మానాల నంబర్లు వల్లెవేసి ఇక్కడ ఉన్నవాళ్లకు నీతి చెబుతున్నారా? ఇంకో సంగతి. మీ సమాధానాలన్నిటిలో బాధితులు ఒకే వైపు ఉన్నారు. ఈ దీవిలో 1963-64లోనూ 1974లోనూ కనిపించకుండా పోయినవారి జాబితాలో 2,002 పేర్లు ఉన్నాయి, వారిలో 1,510 మంది గ్రీకు సైప్రస్ వారు, 492 మంది తుర్కు సైప్రస్ వారు. ఫమగుస్తాకు దగ్గరలోనే మరాతా, సాంతలారిస్, అలోదా అనే మూడు ఊళ్లలో 1974 ఆగస్టులో తుర్కు సైప్రస్ ఆడవాళ్లనూ, పిల్లలనూ చంపి పూడ్చిపెట్టారు. గీత దాటనివాడికి ఈ సగం ఎవరు చెబుతారు?

నల్లమల నీడ

అడుగుపెట్టలేదు, పెట్టవలసిన అవసరమూ లేదు. ఒక ఊరు పోగొట్టుకున్నవాడి బాధ తెలియడానికి విమానం ఎక్కనక్కరలేదు. మీ మామయ్య గంటసేపు మాట్లాడకపోవడం గొప్ప విషయమే. గంట తరువాత హోటలుకు వెళ్లి భోజనం చేసి ఉంటారు. చుట్టాలను వంతులవారీగా తీసుకువెళ్లి చూపించడాన్ని మీరు "అర్థం చేసుకోవడం" అంటున్నారు, దానికి మా వైపు వేరే పేరుంది, కానీ ఇక్కడ రాయను.

లార్నకా వాసి

రాయండి, రాయకుండా ఎత్తిపొడవడం ఎందుకు? పైసా తీసుకోకుండా, సెలవు రోజు ఖర్చుపెట్టి తీసుకువెళ్లినవాణ్ణి మీరు తార్పుడుగాడిలా మాట్లాడుతున్నారు. మీకు ఇంత కడుపుమంట దేనికో నాకు అర్థం కావడం లేదు. ఈ దీవితో మీకు ఏ సంబంధమూ లేదని మీరే చెబుతున్నారు.

నిర్వాహకులు

ఇద్దరూ మాట తగ్గించవలసిందిగా కోరుతున్నాం. విషయం మీదే ఉంటే చర్చ తెరిచే ఉంచుతాం.

విశ్రాంత తహసీల్దారు

విషయం మీదే ఉంటాను. నల్లమల గారు నా "బేచిరాక్" ప్రతిపాదన మీద ఏమీ అనలేదు. ఆ పేరును బట్టి వారు మా కర్నూలు వైపువారో, పాలమూరు వైపువారో అయి ఉంటారు, అక్కడి దస్త్రాలలో ఈ మాట విరివిగా కనిపిస్తుంది.

నల్లమల నీడ

అంటాను. తహసీల్దారు గారూ, బేచిరాక్ గ్రామం దస్త్రంలో ఉంటుంది. మాది దస్త్రంలో కూడా ముంపు గ్రామం. శ్రీశైలం జలాశయం నింపడానికి 1981లో ఖాళీ చేయించిన ఊళ్లలో ఒకటి. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా నాయన ద్వారబంధం ఊడదీసి బండి మీద వేసుకున్నాడు, గడప రాయి మాత్రం లేవలేదు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురం తీసుకువెళ్లి మళ్లీ కట్టారు, దానికి సమయం దొరికింది. మా గడపకు దొరకలేదు.

వేసవిలో నీళ్లు బాగా దిగిన ఏడు మా ఊరు బయటపడుతుంది. గోడల మొదళ్లు, బావి చుట్టు, రచ్చబండ రాళ్లు, అన్నీ బురద పూసుకుని తేలుతాయి. మా నాయన బ్రతికి ఉన్నన్నాళ్లూ అలాంటి ఏడు ఒక్కటీ తప్పకుండా వెళ్లి, ఆ గడప రాయి మీద కాసేపు కూర్చుని వచ్చేవాడు. ఆఖరిసారి నేను తోడు వెళ్లాను. మేము వెళ్లేసరికి అటువైపు నీళ్లలోంచి తేలే మరో సంగమేశ్వరం గుడి చూడటానికి వచ్చినవాళ్లు కొందరు ఇటూ వచ్చి ఉన్నారు. ఒక కుర్రాడు మా గడప మీద కాలు వేసి నిలబడి ఉంటే, స్నేహితుడు ఫోనులో వీడియో తీస్తున్నాడు. మా నాయన దూరంగా ఆగిపోయాడు. "వాళ్ల పని కానీ," అన్నాడు. అరగంటకు వాళ్ల పని అయింది. అప్పటికి మా నాయనకు కూర్చోవాలన్న మనసు పోయింది. తిరిగి వచ్చేశాం.

వరోషా వీధుల్లో మీ చుట్టాలు నడుస్తున్నప్పుడు ఏ తాడు అవతల ఎవరు ఆగి నిలబడ్డారో మీకు తెలుసా? నా కడుపుమంట ఇది. తీర్మానాల నంబర్లు దాని మీద కప్పిన గుడ్డ, ఒప్పుకుంటున్నాను.

చిట్టిగారె

మాది శ్రీశైలం ఆనకట్ట పక్కన సున్నిపెంట. మీరు రాసింది చదివాక నీటిమట్టం వార్తలు మామూలుగా చదవలేను.

లార్నకా వాసి

నల్లమల గారూ, ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను అలా రాసేవాణ్ణి కాదు. తార్పుడుగాడన్న మాట నేనే నా నోటితో తెచ్చుకున్నాను, దాన్ని వెనక్కు తీసుకుంటున్నాను. కానీ నా మాట మార్చుకోను, ఎందుకో చెప్పనివ్వండి.

నేను ఉండేది లార్నకాలో, ఒకప్పుడు తుర్కు సైప్రస్ కుటుంబాలు ఉన్న పేటలో. ఆ పేటలో వీధుల పేర్లు చాలావరకు ఇప్పటికీ పాతవే, సముద్రం పక్కన ఉన్న దారికి పియాలే పాషా పేరు అలాగే ఉంది. ఆ ఇళ్లవాళ్లు 1974 తరువాత ఉత్తరానికి వెళ్లిపోయారు, ఉత్తరం నుంచి వచ్చిన గ్రీకు కుటుంబాలు వీటిలో చేరాయి. వరోషాలో ఉన్నట్లు ఇక్కడ తాళ్లూ లేవు, పలకలూ లేవు. ఇళ్లకు రంగులు వేసి ఉంటాయి, ఆరేసిన బట్టలుంటాయి, ఏ సందర్శకుడూ ఆగడు. నేను వచ్చిన రెండో ఏడు ఒక ముసలాయన మనవరాలితో వచ్చి మా గేటు ముందు నిలబడ్డాడు. మనవరాలు ఇంగ్లీషులో అడిగింది: తాతయ్య పెరట్లో నిమ్మచెట్టు ఉందో లేదో చూడాలంటున్నాడు, వీలవుతుందా అని. చెట్టు లేదు, దాని చోట మా ఇంటి యజమాని షెడ్డు వేశాడు. ఆయనకు ఆ మాట చెప్పవలసింది నేనే అయింది. యజమాని లోపలి నుంచి వచ్చి, ఏమీ అడక్కుండా కాఫీ పెట్టించి ఇచ్చాడు. ఒకే చిన్న ఇత్తడి గిన్నెలో కాచే ఆ కాఫీని ఒకరు తుర్కు కాఫీ అంటారు, ఇంకొకరు సైప్రస్ కాఫీ అంటారు, ఆ రోజు ఎవరూ పేరు పెట్టలేదు. వెళ్లేటప్పుడు ఆ ముసలాయన నా చేయి పట్టుకుని ఏదో అన్నాడు. మనవరాలు చెప్పింది: "ఎవరూ రాకపోతే ఇల్లు మాది అన్న సంగతి నేనొక్కడినే మోయాలి, ఇప్పుడు నువ్వు కూడా చూశావు కదా" అన్నాడట.

మీ నాయనగారికి చూసేవాళ్లు అడ్డమయ్యారు. ఈయనకు చూసేవాడు కావలసి వచ్చాడు. నేను ఈయనను చూసినవాణ్ణి కనుక వెళ్లమంటున్నాను.

నల్లమల నీడ

ఆయన తన ఇంటికి తాను వచ్చాడు. మీరు తీసుకువెళ్లే చుట్టాలకు అక్కడ ఇల్లు లేదు. ఈ తేడాను మీ కథ దాటవేస్తోంది. ఇంటివాడు పిలిస్తే వెళ్లి చూడటం వేరు, ఇంటివాడు లేనప్పుడు వేరొకడు గేటు తీస్తే వెళ్లి చూడటం వేరు.

వేసవి సెలవులు

ప్రశ్న అడిగినాయన ఎటూ తేల్చుకోలేక అయిదు రోజులూ హోటలు గదిలోనే కూర్చునేలా ఉన్నారు.

విశ్రాంత తహసీల్దారు

ఒక చిన్న చేర్పు. ఈ దీవిలో ఐక్యరాజ్యసమితి శాంతిసేన 1964 నుంచి ఉంది, గీత పొడవునా దాదాపు 180 కిలోమీటర్ల మేర వారి ఆధీనంలోనే నిర్జన ప్రాంతం నడుస్తుంది. ఆ సేనకు మన జనరల్ తిమ్మయ్య అధిపతిగా ఉండగా 1965 డిసెంబరులో అక్కడే కన్నుమూశారు, వారి పేర సైప్రస్ తపాలా బిళ్ల వేసింది. 1974లో దాడి జరిగినప్పుడు సేనాధిపతి దీవాన్ ప్రేమ్‌చంద్, ఆయనా మనవారే. కాబట్టి "ఈ దీవితో మనకేం సంబంధం" అన్న మాట ఎవరు అన్నా సరికాదు. ఇక కోటలో ఒథెల్లో బురుజు అని చూపిస్తారు. షేక్‌స్పియర్ నాటకంలో ఉన్నది "సైప్రస్‌లో ఒక రేవు పట్టణం" అని మాత్రమే, ఫమగుస్తా అని లేదు. పిల్లలకు తప్పు చెప్పకండి.

పరలిమ్ని పద్మ

నేను చేమదుంపల గురించి రాసి ఊరుకుందామనుకున్నాను. ఇంటివాళ్లు పిలిస్తే అని నల్లమల అన్నగారు రాశారు కనుక చెబుతున్నాను.

నేను చూసుకున్న ముసలావిడది వరోషాయే. ఆవిడను నేను యయా అని పిలిచేదాన్ని, అంటే వాళ్ల భాషలో అమ్మమ్మ. పారిపోయి వచ్చినప్పుడు ఆవిడకు ముప్పై నాలుగేళ్లు, చంకలో కొడుకు. వీధులు తెరిచారని టీవీలో చూపించిన రోజున ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. కొడుకు సోఫాలోంచి లేచి నిలబడి, "నా ఇంటికి నేను పోవడానికి ఎవడికో పాస్‌పోర్టు చూపించాలా, చచ్చేదాకా పోను" అన్నాడు. యయా ఏమీ అనలేదు. ఆవిడ నడవలేదు, చక్రాల కుర్చీ. రాత్రి నేను కాళ్లకు నూనె రాస్తుంటే, "వాడు పోడు, నేను పోలేను, ఎవరైనా పోయి చూసి వస్తే బాగుండు" అంది.

నా కాగితాలతో గీత దాటే ధైర్యం నాకు లేదు. 2022 వేసవిలో మా పెదనాన్న మనవడు లండన్ నుంచి ప్రొటరాస్‌కు సెలవులకు వచ్చాడు. కొడుకుకు తెలియకుండా యయా వాడికి ఒక కాగితం మీద దారి గీసి ఇచ్చింది. సినిమా హాలు, దాని ఎదురు సందు, ఎడమ చేతి వైపు మూడో ఇల్లు. వాడు వెళ్లాడు. ఆ సందు మొదట్లోనే తాడు కట్టి ఉందట, కాపలా మనిషి అటు పోనివ్వలేదట. తాడు దగ్గర నిలబడి ఫోనులో దగ్గరకు లాగి ఒక ఫొటో తీసుకువచ్చాడు. అందులో మేడ గోడ పైభాగం, ఒక కిటికీ, దాని మీద ఒక పూల తీగ. అంతే కనిపించింది.

యయా కళ్లజోడు మార్చుకుని చాలాసేపు చూసింది. "దీనికి నీళ్లెవరు పోస్తున్నారు?" అని నన్ను అడిగింది. నేనేం చెప్పగలను. కొడుకుకు తరువాత తెలిసింది. పెద్దగా అరిచాడు, మా వాణ్ణి దొంగతనంగా వెళ్లాడన్నాడు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, ఆ ఫొటో తన ఫోనుకు పంపమన్నాడు.

కాబట్టి ఇంటివాళ్లు పిలుస్తారా, వద్దంటారా అంటే, ఒకే ఇంట్లో ఒకరు పిలిచారు, ఒకరు వద్దన్నారు.

బర్మింగ్‌హామ్ బాటసారి

అందరి సమాధానాలూ అమ్మకు చదివి వినిపించాను. మేము చేయబోయేది ఇది. నా మిత్రుణ్ణి సోమవారం నాడు అడుగుతాను, అతని కుటుంబం వరోషాదేనా అని. చనువు లేదని ఊరుకున్నాను కానీ అడగవలసింది ఇక్కడ కంటే ముందు అతన్నే. అతను చూసి రమ్మంటే వెళతాను, వద్దంటే దెరీనియా మేడ మీదికి వెళ్లి ఆగిపోతాను. వీసా ఇచ్చిన కార్యాలయం అమ్మకు ఒప్పుకుంటే కోట నగరం వరకు అందరం వెళతాం. సెయింట్ నికొలస్ కెథెడ్రల్‌గా కట్టి ఆ తరువాత లాలా ముస్తఫా పాషా మసీదుగా మారిన కట్టడం ముందు కూడా అలాంటి ముసలి మేడిచెట్టే ఉందట, అమ్మ దాని కింద కాసేపు కూర్చుంటానంటోంది. చేమదుంప కడగకూడదన్న మాట మాత్రం ఆవిడ ఒప్పుకోవడం లేదు.

లార్నకా వాసి

మీ మిత్రుడు వద్దంటాడనే నా అనుమానం. అయినా అడగడం మంచిదే.

నల్లమల నీడ

పద్మ గారూ, నా అభిప్రాయం మారలేదు. అయితే ఒకటి అడగాలనిపిస్తోంది. ఆ ఫొటోలో కిటికీ మీద ఉన్న తీగ ఏమిటి?

పరలిమ్ని పద్మ

కాగితం పూలు అన్నగారూ, ముదురు రంగువి. ఆవిడ నాటింది కాదట. పక్కింటివాళ్లది, గోడ దాటి ఇటు వచ్చిందట.